ఈస్టు ఎంగిలి, మన ఇంధనం

(సైన్సు ఉపాధ్యాయులు, డిగ్రీ విద్యార్థులు కలిసిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది. తడబాట్లు తప్ప మరేమీ తీసివేయలేదు.)

పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, విద్యార్థులకు నమస్కారం.

పాతరతో మొదలుపెడతాను. మీలో పాతరను కళ్లారా చూసినవారు ఎంతమంది? వెనక వరుసలో ముగ్గురు చేతులెత్తారు. ముగ్గురూ నా వయసువారే. విద్యార్థుల కోసం చెబుతున్నాను, పాతర అంటే ధాన్యం దాచుకోవడానికి నేలలో తవ్విన గొయ్యి. అడుగునా చుట్టూ గడ్డి పరిచి, ధాన్యం నింపి, పైన మళ్లీ గడ్డి కప్పి, మట్టితో మూసేసేవారు. నెలల తర్వాత దాన్ని తీసే రోజున పెద్దవాళ్లు పిల్లలను దూరంగా నిలబెట్టేవారు. మూత తీయగానే ఎవరూ దిగకూడదు. కొంతసేపు అలాగే వదిలేసి, దీపాన్ని తాడుకు కట్టి లోపలికి దించి, అది ఆరిపోకుండా వెలుగుతూ ఉంటేనే మనిషి దిగాలి.

లోపల ఏం జరిగి ఉంటుంది? గింజ ప్రాణంతోనే ఉంది, కాబట్టి అది ఊపిరి పీలుస్తుంది. గింజలో ఉన్న పురుగు పీలుస్తుంది, బూజు పీలుస్తుంది. మూసిన గోతిలో ఉన్న కాస్త ఆక్సిజనూ వీటికే ఖర్చయిపోయి, ఆ స్థానంలో కార్బన్ డయాక్సైడ్ నిండుతుంది. పురుగు చస్తుంది కనుక ధాన్యం నిలవ ఉంటుంది. అదే గోతిలోకి మనిషి దిగితే ఆ పురుగుకు పట్టిన గతే మనిషికీ పడుతుంది. మంచిది. ఇప్పుడు నా ప్రశ్న. ఆక్సిజన్ అయిపోయాక అక్కడ బతుకు అన్నదే ఆగిపోతుందా? ఆగదు. ఆక్సిజన్ అక్కర్లేకుండా బతికేవి కొన్ని ఉన్నాయి, అది తగిలితే చచ్చేవి కూడా ఉన్నాయి. ఈరోజు మనం పెట్రోలులో కలుపుతున్న ఇథనాలు, పొయ్యిలో మండించే గోబర్ గ్యాసు, రెండూ అటువంటి జీవులు తిని వదిలిన ఎంగిలి. ఎంగిలి అన్న మాటను నేను తెలిసే వాడుతున్నాను. ఎందుకో కాసేపట్లో లెక్కతో సహా చెబుతాను.

ముందుగా శ్వాస అంటే ఏమిటో తేల్చుకుందాం. ముక్కుతో గాలి పీల్చడం శ్వాసలో పైకి కనిపించే భాగం మాత్రమే. అసలు పని కణంలో జరుగుతుంది. గ్లూకోజును విడగొట్టేటప్పుడు దాని నుంచి ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. వాటిని మోసుకుపోయే అణువు పేరు ఎన్.ఎ.డి. ఇల్లు కాలుతుంటే బావి నుంచి బిందెలు చేతులు మార్చుకుంటూ నిలబడే వరుసను ఊహించుకోండి. ఎన్.ఎ.డి. ఆ బిందె, ఎలక్ట్రాన్లు ఆ నీళ్లు. ఊళ్లో బిందెలు ఎన్ని ఉంటాయి? కొన్నే ఉంటాయి. నిండిన బిందెను చివరనున్న మనిషి ఎక్కడో ఒకచోట కుమ్మరించి, ఖాళీ బిందెను వెనక్కి పంపాలి. పంపకపోతే బావిలో నీళ్లున్నా వరుస ఆగిపోతుంది. అలాగే గ్లూకోజు ఎంత ఉన్నా, ఎన్.ఎ.డి. ఖాళీ కాకపోతే కణం దాన్ని విడగొట్టలేదు.

కాబట్టి బతుకంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. బిందెను ఎక్కడ కుమ్మరించాలి? దీనికి ప్రకృతిలో మూడు జవాబులు ఉన్నాయి. మనలాగా ఆక్సిజన్ మీద కుమ్మరించడం వాయు శ్వాసక్రియ. ఆక్సిజన్ దొరకనప్పుడు బయటి నుంచి మరొక పదార్థాన్ని, అంటే నైట్రేటునో, సల్ఫేటునో, ఇనుమునో, చివరికి కార్బన్ డయాక్సైడునో తెచ్చుకొని దాని మీద కుమ్మరించడం అవాయు శ్వాసక్రియ. బయటి నుంచి ఏదీ తెచ్చుకోకుండా, తాను తింటున్న తిండిలోనే సగం విరిగిన ముక్క మీద కుమ్మరించుకోవడం కిణ్వనం. మనం తరగతి గదిలో రెండోదాన్నీ మూడోదాన్నీ ఒకే గాటన కట్టి, ఈస్టు చేసేదాన్నే అవాయు శ్వాసక్రియ అని చెప్పేస్తున్నాం. నేనూ ముప్పై ఏళ్లు అలాగే చెప్పాను. పదో తరగతి స్థాయిలో అది పెద్ద నేరం కాకపోవచ్చు. కానీ జీవ ఇంధనాల సంగతికి వచ్చేసరికి ఈ తేడా తెలియకపోతే ఇథనాలు ఎందుకు అంత ఖరీదో, గోబర్ గ్యాసు ఎందుకు ఒక్కోసారి మొండికేస్తుందో అర్థం కాదు.

కిణ్వనం ఇంటి సంగతే. గ్లూకోజు విరిగి రెండు పైరువిక్ ఆమ్లం అణువులు అవుతుంది. ఎన్.ఎ.డి. తన బరువును నేరుగా ఆ పైరువిక్ ఆమ్లం మీద దించితే లాక్టిక్ ఆమ్లం వస్తుంది. పెరుగు, పులిసిన ఇడ్లీ పిండి, ఒకప్పటి తరవాణి కుండ, పరుగెత్తిన కండరం, అన్నిటిలోనూ ఇదే కథ. ఇడ్లీ పిండి పుల్లబడటంతో ఆగకుండా పొంగుతుంది కూడా, గమనించారా? ఆ పిండిలో ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లంతోపాటు కార్బన్ డయాక్సైడునూ వదులుతుంది. ఈస్టు దారి వేరు. అది పైరువిక్ ఆమ్లం నుంచి ముందుగా ఒక కార్బన్ డయాక్సైడును ఊడగొట్టి ఎసిటాల్డిహైడు చేస్తుంది, తర్వాత దాని మీద బిందె కుమ్మరిస్తుంది. అలా వచ్చేదే ఇథనాలు. ఈస్టుకు ఆల్కహాలు మీద మమకారమేమీ లేదని గుర్తుంచుకోండి. బిందె ఖాళీ చేసుకోవడమే దానికి కావలసింది.

ఇంత చేసి ఈస్టు సంపాదించేది ఎంత? ఒక గ్లూకోజు అణువుకు రెండే రెండు ఏటీపీలు. ఏటీపీ అంటే కణం తన పనులకు ఖర్చుపెట్టుకునే శక్తి నాణెం అనుకోండి. ఆక్సిజన్ ఉండి పూర్తిగా కాల్చుకుంటే 30 నుంచి 32 దాకా వచ్చేవి. మీలో పెద్దవారు 36 అనో 38 అనో చదువుకొని ఉంటారు, ఆ లెక్కను తర్వాత సవరించారు. ఏటీపీ అన్నప్పుడు మనం భీమవరాన్ని తలచుకోకుండా ఉండలేం. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కనుగొన్నారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు. అప్పటిదాకా కండరం ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని నమ్మేవారు. కండరంలో ఆక్సిజన్ వాడకానికీ లాక్టిక్ ఆమ్లానికీ ఉన్న సంబంధాన్ని చూపినందుకు జర్మన్ శాస్త్రవేత్త మేయర్‌హాఫ్‌కు 1922 నోబెల్ బహుమతి వచ్చి అప్పటికి పట్టుమని పదేళ్లు కాలేదు. మనవాళ్లు కనుగొన్న ఫాస్ఫరస్ పదార్థాలు ఆ నమ్మకం పునాదిని కదిలించాయి.

ఇప్పుడు ఎంగిలి లెక్క. కాగితం కలం ఉన్నవారు రాసుకోండి. 180 గ్రాముల గ్లూకోజును పూర్తిగా మండిస్తే సుమారు 2,800 కిలోజౌళ్ల వేడి వస్తుంది. అదే 180 గ్రాములను ఈస్టుకు తినిపిస్తే 92 గ్రాముల ఇథనాలు, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడు మిగులుతాయి. ఆ 92 గ్రాముల ఇథనాలును మండిస్తే వచ్చే వేడి ఎంత? సుమారు 2,730 కిలోజౌళ్లు. మళ్లీ చెబుతున్నాను. బరువులో దాదాపు సగం గాలిలో కలిసిపోయింది, వేడిలో మాత్రం నూటికి 97 వంతులు సీసాలోనే ఉంది. ఈస్టు విస్తరి ముందు కూర్చొని నాలుగు మెతుకులు కొరికి లేచిపోయింది. ఆక్సిజన్ లేదు కనుక మిగతాది దానికి అరగలేదు. దానికి అరగనిదాన్ని మనం ఇంజిన్‌లో ఆక్సిజన్ ఇచ్చి కాలుస్తున్నాం. జీవ ఇంధనం అనే వ్యవహారమంతా ఇంతే. ఎవరైనా వచ్చి ఈస్టు శక్తిని తయారు చేస్తుందని చెబితే నమ్మకండి. శక్తి చెరకు ఆకు మీద పడిన ఎండది. ఈస్టు దాన్ని మోసుకెళ్లడానికి వీలైన రూపంలోకి మార్చి, దారిలో చాలా తక్కువ కూలి తీసుకుంటుంది.

గాలి లేకుండా బతుకు సాగుతుందని నిలబెట్టి చెప్పినవాడు లూయీ పాశ్చర్. 1856లో ఆయన ఫ్రాన్స్‌లోని లీల్ పట్టణంలో పనిచేస్తుండగా, బీట్‌రూట్ నుంచి ఆల్కహాలు తీసే ఒక వ్యాపారి తన తొట్లు పాడవుతున్నాయని వచ్చి మొరపెట్టుకున్నాడు. మంచి తొట్టిలో ఈస్టు ఉంది, చెడిన తొట్టిలో ఇంకేవో సన్నటి జీవులు ఉండి లాక్టిక్ ఆమ్లం చేస్తున్నాయి. అక్కడి నుంచి మొదలై 1861 నాటికి ఆయన ఆక్సిజన్ తగిలితే చచ్చే జీవుల దాకా వెళ్లారు. ఈస్టుకు గాలి ఇస్తే తక్కువ చక్కెర తిని ఎక్కువ పెరుగుతుందని, గాలి తీసేస్తే ఎక్కువ చక్కెర తిని తక్కువ పెరుగుతుందని గమనించిందీ ఆయనే. సంపాదన తక్కువైనవాడు ఎక్కువ గంటలు పనిచేసినట్టే.

పాశ్చర్ తర్వాత బుక్నర్ కథ చెప్పకపోతే నాకు తోచదు. 1897లో ఎడ్వర్డ్ బుక్నర్ ఈస్టు కణాలను ఇసుకతో నూరి, పిండి, రసం తీశాడు. ఆ రసం చెడిపోకుండా ఉండాలని చక్కెర కలిపాడు. మనం పాకం పట్టి నిలవ చేస్తామే, అదే ఉపాయం. తెల్లారి చూస్తే ఏముంది? రసం నురగలు కక్కుతోంది! కణం చచ్చిపోయినా ఆల్కహాలు తయారవుతోంది. ఈ పనికి ప్రాణశక్తి అనే మర్మమేదీ అవసరం లేదని, కణంలోని ఎంజైములు చాలునని తేలింది. 1907లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. నిలవ చేద్దామనుకున్నది పొంగింది, ఆ పొంగులోంచి జీవరసాయనశాస్త్రం పుట్టింది.

మన దగ్గర కల్లు లొట్టి కూడా ఒక ప్రయోగశాలే. తాటి చెట్టు మీద లొట్టి లోపల సున్నం పూస్తే తెల్లారేసరికి తియ్యటి నీరా దిగుతుంది, పూయకపోతే కల్లు దిగుతుంది. సున్నం క్షారం కనుక సూక్ష్మజీవులను అడ్డుకుంటుంది. ఆ కల్లులో ఈస్టుతోపాటు జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. దానిది ఇంకా బీద సంసారం, గ్లూకోజుకు ఒక్కటే ఏటీపీ. అందుకని చక్కెరను మరీ వేగంగా తింటుంది, తన ఒంటికి పట్టించుకునేది తక్కువ, ఆల్కహాలుగా వదిలేది ఎక్కువ. ఇంధనం చేసేవాడికి ఇంతకంటే మంచి పనివాడు ఎవరు దొరుకుతారు? కానీ అది తినే చక్కెరలు కొన్నే, ఫ్యాక్టరీ తొట్టిలో ఈస్టుకున్నంత ఓర్పు దానికి లేదు. అందువల్ల నేటికీ ఈస్టుదే రాజ్యం.

నీళ్లలో కలిసిపోయే ఇంధనం

ఇంధనంగా ఇథనాలుకు ఉన్న చిక్కు ఏమిటి? నన్నడిగితే ఒకే మాటలో చెబుతాను, నీళ్లు. ఈస్టు నీళ్లలో బతుకుతుంది, ఇథనాలు నీళ్లలో ఇట్టే కలిసిపోతుంది. దానికి తోడు, తాను వదిలిన ఇథనాలే ఈస్టుకు విషం. తొట్టిలో ఆల్కహాలు 12, 15 శాతం దాటేసరికి ఈస్టు చేతులెత్తేస్తుంది. అంటే మనకు దొరికేది పదింట తొమ్మిది వంతులు నీళ్లున్న గంజి. దాన్ని కాచి ఆవిరి పట్టి వేరు చేయాలి. నాటుసారా బట్టీలో జరిగేదీ, ఆకాశమంత స్తంభాలున్న ఫ్యాక్టరీలో జరిగేదీ సూత్రం దృష్ట్యా ఒకటే, స్వేదనం. కానీ ఎంత కాచినా బరువులో 95.6 శాతం దగ్గర ఆగిపోతుంది. ఆ పాళ్లలో నీరూ ఇథనాలూ ఒకే ఉష్ణోగ్రత వద్ద కలిసే మరుగుతాయి, కాబట్టి ఆవిరి పట్టి వాటిని విడదీయలేం. పెట్రోలులో కలపడానికి ఆ చివరి తేమ కూడా పోవాలి, లేకపోతే ట్యాంకులో అడుగున నీళ్లూ ఇథనాలూ, పైన పెట్రోలూ విడిపోతాయి.

ఆ చివరి నీళ్లను తీసే ఉపాయం నాకు ఎంతో ఇష్టం. జియోలైట్ అనే ఖనిజపు గుళికలు ఉంటాయి. వాటిలోని రంధ్రాలు మూడు ఆంగ్‌స్ట్రాముల వెడల్పు. నీటి అణువు అంతకంటే కాస్త చిన్నది, ఇథనాలు అణువు పెద్దది. ఆవిరిని ఆ గుళికల మీదుగా పంపితే నీరు రంధ్రాల్లో దూరి చిక్కుకుపోతుంది, ఇథనాలు దాటి వెళ్లిపోతుంది. మనం పిండి జల్లెడ పట్టినట్టే అణువులను జల్లెడ పడుతున్నారు. గుళికలు తడిసిపోతే తేమ వదిలించి మళ్లీ వాడుకుంటారు. ఉపాయం గొప్పదే, కానీ కాచడానికీ ఆరబెట్టడానికీ అయ్యే వేడి ఖర్చును లెక్కలోంచి తీసివేయకూడదు. చెరకు ఫ్యాక్టరీకి ఆ వేడి పిప్పి నుంచి వస్తుంది. ధాన్యం ఫ్యాక్టరీకి పిప్పి ఉండదు, అది బొగ్గో పొట్టో కొనుక్కోవాలి.

ధాన్యం సంగతి వచ్చింది కనుక చెబుతున్నాను. ఈస్టుకు చక్కెర తినడం వచ్చు గానీ పిండి తినడం రాదు. అందుకే బియ్యాన్నో మొక్కజొన్ననో పిండి చేసి, నీళ్లతో ఉడికించి, అమైలేజ్ ఎంజైములతో ముందుగా చక్కెరగా మార్చాలి. మన నోట్లో అన్నం నమిలినకొద్దీ తియ్యబడటానికి కారణమైన ఎంజైమూ ఆ కుటుంబానిదే. టన్ను బియ్యానికి సుమారు 450 లీటర్లు, టన్ను మొక్కజొన్నకు సుమారు 380 లీటర్లు, టన్ను మొలాసిస్‌కు, అంటే చక్కెర తీసేయగా మిగిలిన మడ్డికి, సుమారు 225 లీటర్లు ఇథనాలు వస్తుంది.

మన దేశంలో 2003లో తొమ్మిది రాష్ట్రాల్లో 5 శాతం కలపడంతో ఈ కార్యక్రమం మొదలైంది, వాటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. చాలాకాలం అది నత్తనడక నడిచింది. 2014 నాటికి ఒకటిన్నర శాతం. 2018లో జాతీయ జీవ ఇంధన విధానం వచ్చాక ఊపందుకొని, 2022 జూన్‌లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. మైలేజీ తగ్గిందని మీలో కొందరు గొణుగుతూ ఉంటారు. అందులో కొంత నిజం ఉంది. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల వేడి ఉంటే, లీటరు ఇథనాలులో 21 మాత్రమే. ఇరవై పాళ్లు కలిపితే లీటరుకు నూటికి ఆరేడు వంతుల వేడి తగ్గుతుంది, ఇది గుణకారం తెలిసిన ఎవరైనా వేయగల లెక్క. మరోవైపు ఇథనాలు ఆక్టేన్ విలువ, అంటే ఇంజిన్‌లో వేళకు ముందే అంటుకోకుండా ఆగే గుణం, ఎక్కువ కనుక, దానికి తగ్గట్టు మలచిన ఇంజిన్ ఆ నష్టంలో కొంత పూడ్చుకోగలదు. పాత బండికి ఆ వెసులుబాటు లేదు.

నా అభిప్రాయం దాచుకోను. మడ్డి నుంచి ఇథనాలు తీయడం వివేకం, ఎందుకంటే అది చక్కెర మిల్లు ఎంగిలి. తినే బియ్యం నుంచి, నీళ్లు తోడి తోడి పండించిన చెరకు రసం నుంచి నేరుగా తీయడం నాకు మింగుడుపడదు. ప్రభుత్వానికీ ఆ ఇబ్బంది ఎదురైంది. చక్కెర దిగుబడి తగ్గుతుందన్న భయంతో 2023 డిసెంబరులో చెరకు రసాన్ని ఇథనాలుకు మళ్లించడం మీద ఆంక్షలు పెట్టింది. ఆ ఖాళీలోకి మొక్కజొన్న వచ్చింది, దాంతో కోళ్లఫారాల వాళ్లు మేత ధర పెరిగిందని మొత్తుకున్నారు. ఒకచోట నొక్కితే మరోచోట పొంగుతుంది.

మరి గడ్డి నుంచి తీయకూడదా? తీయవచ్చు. గడ్డిలోని సెల్యులోజు కూడా గ్లూకోజు గొలుసే. కానీ ఆ గొలుసు చుట్టూ హెమిసెల్యులోజు అనే మరో చక్కెరల గొలుసు, దాని చుట్టూ మొక్కకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ బిగుసుకొని ఉంటాయి. లిగ్నిన్‌ను వదిలించడానికి ఆవిరి, ఆమ్లం, పీడనం కావాలి. పైగా హెమిసెల్యులోజు నుంచి వచ్చే జైలోజు అనే చక్కెరను మామూలు ఈస్టు ముట్టుకోదు, దానికి జన్యుపరంగా మార్చిన ఈస్టు కావాలి. 2022 ఆగస్టు 10న పానిపట్‌లో వరిగడ్డి నుంచి ఇథనాలు తీసే కర్మాగారాన్ని ప్రారంభించారు. ఏడాదికి రెండు లక్షల టన్నుల గడ్డి తీసుకొని సుమారు మూడు కోట్ల లీటర్లు ఇవ్వాలన్నది దాని రూపకల్పన. పొలంలో తగలబెట్టే గడ్డికి ఇది మంచి దారే, కానీ చెరకు రసం పులిసినంత సులువుగా గడ్డి పులవదు.

ఇంకొక మాట. ఇథనాలు తీసేశాక తొట్టిలో మిగిలే నీళ్లను ఏం చేయాలి? మడ్డి వాడే చోట లీటరు ఆల్కహాలుకు 8 నుంచి 15 లీటర్ల దాకా నల్లటి వ్యర్థజలం మిగులుతుంది. చెరువులో వదిలితే అందులోని ఆక్సిజన్ అంతా లాగేసి చేపలను చంపుతుంది. నారాయణపేట జిల్లా చిత్తనూరులో, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాలు ఫ్యాక్టరీలు వద్దని ఊళ్లు రోడ్డెక్కాయి. నీళ్ల గురించీ గాలి గురించీ వారికున్న భయాన్ని సైన్సు తెలియని భయమని కొట్టిపారేయడం మన చదువుకు తగదు. ఆ వ్యర్థజలానికి మందు లేకపోలేదు. దాన్ని గాలి లేని ట్యాంకులోకి పంపితే మీథేన్ వస్తుంది. ఆ గ్యాసుతో బాయిలరు నడుపుకోవచ్చు. అంటే ఈస్టు ఎంగిలి తీసుకున్నాక మిగిలిన ఎంగిలిని ఇంకొకరు తింటున్నారు. ఆ ఇంకొకరు ఎవరు?

బురదలో మెట్లు

వాళ్లను చూడాలంటే వరిమడిలోకి దిగాలి. నీళ్లు పెట్టిన మడిలో మట్టిలోని ఆక్సిజన్ ఒకటి రెండు రోజుల్లోనే అయిపోతుంది. అప్పుడు బ్యాక్టీరియా నైట్రేటు మీద బిందెలు కుమ్మరిస్తుంది. ఆ నైట్రేటు నైట్రోజన్ వాయువుగా మారి ఎగిరిపోతుంది, రైతు వేసిన ఎరువులో కొంత ఆకాశానికి పోయే దారి ఇదే. తర్వాత మాంగనీసు, తర్వాత ఇనుము. ఎర్రటి మట్టి బూడిదరంగుకు తిరిగేది అప్పుడే. ఆ తర్వాత సల్ఫేటు. కాలు పెడితే నల్లటి బురద, కుళ్లిన కోడిగుడ్డు వాసన. అన్నీ అయిపోయాక చిట్టచివరి మెట్టు మీద, ఇంకెవరికీ అక్కర్లేని కార్బన్ డయాక్సైడు మీద కుమ్మరించేవాళ్లు ఉంటారు. మీథేన్ చేసే సూక్ష్మజీవులు వాళ్లే. మెట్టు దిగుతున్నకొద్దీ దక్కే శక్తి తగ్గుతుంది. చివరి మెట్టువాడికి దక్కేది అతి తక్కువ, వాడు వదిలేది అతి ఎక్కువ. మీకు ఎంగిలి లెక్క గుర్తుందా? గ్లూకోజు మొత్తంగా మీథేన్ దాకా వస్తే మూడు మీథేన్ అణువులు వస్తాయి. వాటిని మండిస్తే సుమారు 2,670 కిలోజౌళ్లు. అంటే నూటికి 95 వంతులు ఇక్కడా మిగిలే ఉన్నాయి.

మీథేన్ చేసే ఈ జీవులు బ్యాక్టీరియా కావు. 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ వీటిని విడిగా తీసి చూపారు, వీటి వంశం పేరు ఆర్కియా. ఇక్కడ పెద్ద తరగతుల విద్యార్థుల కోసం ఒక సవరణ చెప్పాలి. కార్బన్ డయాక్సైడును హైడ్రోజన్‌తో కలిపి మీథేన్ చేయడం నిక్కమైన అవాయు శ్వాసక్రియ. కానీ గోబర్ గ్యాసులోని మీథేన్‌లో ఎక్కువ పాలు ఎసిటేటును, అంటే వెనిగర్‌లోని ఆమ్లపు రూపాన్ని, రెండు ముక్కలుగా విరవడం వల్ల వస్తుంది. దాన్ని శ్వాసక్రియ అనాలా, కిణ్వనం అనాలా అని పండితులు వాదించుకోవచ్చు. మనకిప్పుడు అది అడ్డు కాదు.

ఇటలీలో వోల్టా, అవును, బ్యాటరీ వోల్టాయే, 1776లో మజ్జోరె సరస్సు ఒడ్డున బురదను కదిపి, పైకి వచ్చిన బుడగలను సీసాలో పట్టి, అది మండే వాయువని చూపాడు. కర్రతో కదిపితే బుడగ తనంతట తాను పైకి వచ్చింది, గమనించండి. ఇథనాలుకూ మీథేన్‌కూ ఉన్న తేడా అంతా ఆ బుడగలో ఉంది. మీథేన్ నీళ్లలో కలవదు. కాచనక్కర్లేదు, జల్లెడ పట్టనక్కర్లేదు. అది తనకు తానే విడిపోయి డోమ్ కిందకు చేరుతుంది. స్వేదనానికి అయ్యే ఖర్చు మొత్తం మిగులు.

అందుకే బొంబాయిలో మాటుంగాలోని కుష్ఠురోగుల ఆశ్రమంలో 1897లోనే ఇలాంటి గ్యాసుతో దీపాలు వెలిగించగలిగారు. తర్వాత ఖాదీ కమిషన్ వాళ్ల తేలే డ్రమ్ము నమూనా, ఇటుకలతో కట్టే దీనబంధు నమూనా పల్లెలకు వచ్చాయి. లెక్క తేలికైనదే. 25 కిలోల పచ్చి పేడకు అంతే నీళ్లు కలిపి పోస్తే, రోజుకు ఒక ఘనపు మీటరు గ్యాసు, అంటే దాదాపు 430 గ్రాముల వంటగ్యాసుకు సమానం. అందులో మీథేన్ 55 నుంచి 65 శాతం, మిగతాది దాదాపు అంతా కార్బన్ డయాక్సైడు. పేడే ఎందుకు? ఆవు పొట్ట కూడా గాలి లేని ట్యాంకే కనుక. కావలసిన సూక్ష్మజీవులు పేడలోనే సిద్ధంగా ఉంటాయి, పాలకు తోడులాగా.

హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టుకు మీలో చాలామంది వెళ్లి ఉంటారు. అక్కడ రోజూ సుమారు 10 టన్నుల కుళ్లిన కూరగాయలు మిగిలేవి. భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతిలో అక్కడ బయోగ్యాస్ ప్లాంటు పెట్టారు. ఆ చెత్త నుంచి రోజుకు 500 యూనిట్ల దాకా కరెంటు, మార్కెట్టు క్యాంటీను పొయ్యికి 30 కిలోల గ్యాసు వస్తున్నాయని 2021 జనవరిలో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో కూడా చెప్పారు. 500 యూనిట్లు నగరానికి లెక్కలోకి రావని మీరనవచ్చు. నిజమే, రావు. కానీ ఆ 10 టన్నులు డంపింగ్ యార్డులో అదే మీథేన్‌ను ఆకాశంలోకి వదిలేవి. కార్బన్ డయాక్సైడు కంటే మీథేన్ ఎన్నో రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. ఎలాగూ వచ్చే గ్యాసును పొయ్యిలోకి మళ్లించడంలోనే ఇక్కడ అసలు లాభం ఉంది.

ఇక నా సొంత తప్పు ఒకటి చెప్పి ముగిస్తాను. మా ఊరి ఇంట్లో గోబర్ గ్యాసు ఉండేది. ఇంట్లో పెళ్లయిన మర్నాడు మిగిలిన అన్నం, పప్పు, బూరెలు, విస్తళ్లలోని ఎంగిలితో సహా, గంపలకొద్దీ నేనే ఆ తొట్టిలో కుమ్మరించాను. జీవశాస్త్రం చెప్పే మాస్టారిని కదా, ఎక్కువ తిండి వేస్తే ఎక్కువ గ్యాసు వస్తుందని నా లెక్క. మొదటి రెండు రోజులు డ్రమ్ము పొంగింది. మూడో రోజు గ్యాసు వచ్చింది గానీ అంటుకోలేదు. నాలుగో రోజు పుల్లటి వాసన. అప్పుడు అర్థమైంది, తొట్టి పులిసిపోయింది. పిండినీ చక్కెరనూ పులియబెట్టే బ్యాక్టీరియా గంటల్లో రెట్టింపవుతుంది. అది వదిలే ఆమ్లాన్ని తిని మీథేన్ చేసే జీవులు రెట్టింపు కావడానికి రోజులు పడుతుంది, పైగా వాటికి పులుపు గిట్టదు. కిణ్వనం పరుగెత్తింది, శ్వాసక్రియ వెనకబడింది. రెండింటినీ ఒకే గాటన కట్టి పాఠం చెప్పిన మనిషికి తగిన శాస్తి.

అలా జరిగితే ఏం చేయాలో కూడా చెబుతాను, మీలో కొందరి ఇళ్లలో వంటింటి చెత్త వేసే చిన్న ప్లాంట్లు ఉన్నాయి కదా. ముందు మేత పూర్తిగా ఆపేయండి. లిట్మస్ కాదు, పీహెచ్ కాగితంతో చూడండి. 6.5 కంటే తగ్గితే కొద్ది కొద్దిగా సున్నపు తేట కలపండి, ఒక్కసారిగా వద్దు. బాగా నడుస్తున్న ప్లాంటు నుంచి రెండు బకెట్ల స్లర్రీ, అంటే దాని తొట్టిలోని చిక్కటి ద్రవం, తెచ్చి పోయండి. ఏ పరిస్థితిలోనూ తల లోపలికి పెట్టి చూడకండి, లోపలికి దిగకండి. అక్కడ ఉన్నది పాతరలోని గాలి కంటే చెడ్డ గాలి, హైడ్రోజన్ సల్ఫైడు కూడా ఉంటుంది. దీపం దించే పని అసలు చేయకండి, ఇది పాతర కాదు, మీథేన్! పదిహేను రోజుల్లో మంట మళ్లీ నీలంగా వస్తుంది. అప్పటిదాకా వంటకు ఇంకో దారి చూసుకోవాలని ఇంట్లో ముందే చెప్పి ఉంచండి. నేను చెప్పలేదు.